సముద్రములోని చేపల నెంచుట యెట్లు?

వేసవిలో చెరువునీటిని తోడివేసి అందలి చేపల నెంచవచ్చును. బంగాళాఖాతమును తోడు వారెవరు? అయినను విశాఖపట్టణము, కాకినాడ, మచిలీపట్టణము మొదలగు రేవుల నాశ్రయించి బ్రదుకు కుటుంబములకు, సముద్రములో చేపలు నిలుకడగా నున్నవా, తరుగుచున్నవా యనునది యన్నమునకు సంబంధించిన ప్రశ్న. పరిశోధక నౌకలును, అనేక సంవత్సరముల లెక్కలును లేనిచోట దీనికి ప్రత్యుత్తర మెట్లు రాబట్టుదురో విచారింతము.

పట్టిన చేపల బరువు చూచిన చాలదా యని కొందరు విద్యార్థు లడుగుదురు. 1947లో స్థాపితమైన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు కొన్ని రేవులను, కొన్ని దినములను ఎంచుకొని, అచ్చటి లెక్కనుండి మొత్తపు బరువును అంచనా వేయుదురు. ఇది మిక్కిలి యుపయోగకరమే కాని, బరువొక్కటియే చాలదు. ఒక మరపడవ నిరుడు పది బుట్టలు తెచ్చి, యీయేడును పది బుట్టలే తెచ్చినచో సముద్రము మారలేదనరాదు. ఈయేడది మరింత దూరము పోయియుండవచ్చును. ఎక్కువ దినములు నిలిచియుండవచ్చును. అదిగాక, కొన్ని జాతుల చేపలు తగ్గినకొలది మిగిలినవి యొకచోట గుమిగూడును. ఆ చోటెరిగినవానికి కడవరకు వల నిండుచునే యుండును. కెనడాలోని న్యూఫౌండ్‌లాండు తీరమున కాడ్ అను చేప విషయములో నిట్లే జరిగినది. అచ్చటి పండితులకు లెక్కల కొదువ లేదు. అయినను పెద్ద పడవలు తెచ్చిన రాసులను నమ్మి, యున్నవానికంటె నెక్కువ చేపలున్నవని తలచిరి. 1992లో ఆ వేటను మూసివేయగా వేలకొలది జనులు వృత్తిని గోల్పోయిరి.

బరువుకంటె పొడవు మనకెక్కువ సంగతులు తెలుపును. చల్లని సముద్రములలో చేప తలలోని చెవిరాళ్లపై, చెట్టుమానులోవలె, ఏటేట వలయము లేర్పడును. మన వెచ్చని నీళ్లలో నవి యంత స్పష్టముగా నుండవు. కావున పొడవునే వయస్సునకు గురుతుగా గైకొందురు. వేట యధికమైనపుడు చేపలు ముదిమి వరకు బ్రదుకవు. పట్టుబడిన వాని సగటు పొడవు తగ్గును.

ఈ తగ్గుదలనుండి మరణవేగమును గణించు సూత్రమును బెవర్టన్, హోల్ట్ అను నాంగ్లేయులు 1956లో ప్రకటించిరి. చేప పెరుగగల గరిష్ఠపు పొడవునుండి సగటు పొడవును తీసివేసి, పెరుగుదల వేగముచే గుణింపవలెను. పిదప సగటునుండి, చేప వలకు పూర్తిగా చిక్కనారంభించు పొడవును తీసివేసి, ఆ శేషముచే భాగింపవలెను. లెక్కకొరకు గరిష్ఠము 30 సెంటీమీటర్లు, వేగము సంవత్సరమునకు 1, వలకు చిక్కు పొడవు 14, అంతకు మించిన చేపల సగటు 20 అనుకొందము. 10ని 6చే భాగింప 1.67 వచ్చును. సగటు 18 అయినచో 12ని 4చే భాగింప 3 వచ్చును. తగ్గినవి రెండు సెంటీమీటర్లే. మరణవేగము మాత్రము దాదాపు రెట్టింపైనది! బజారులో బేరమాడువా రెవరైన ఆ రెండు సెంటీమీటర్లను గుర్తింతురా?

ఈ సూత్రమును గ్రుడ్డిగా నమ్మరాదు. ఒకయేడు పిల్లచేపలు విస్తారముగా పుట్టినచో, కీడేమియు లేకయే సగటు తగ్గును. అందుచే పలు మాసములు కొలువవలెను.

జర్మను శాస్త్రజ్ఞుడగు ఫ్రోజె 2004లో ఇంకను సులభమైన మార్గము జూపెను. పట్టిన చేపలలో గ్రుడ్లు పెట్టు ప్రాయమునకు వచ్చిన వెన్ని? తగిన పొడవునకు పెరిగిన వెన్ని? మిక్కిలి పెద్ద తల్లిచేప లెన్ని? ఈ మూడే యాతని ప్రశ్నలు. ఒక్కమారైన గ్రుడ్లు పెట్టని చేపలతోనే బుట్ట నిండినయెడల, రాబోవు సంవత్సరముల వేటను నేడే యమ్ముకొనుచున్నామన్నమాట. యోహాను సువార్త 21వ అధ్యాయమున పేతురు లాగిన వలలో 153 చేపలుండెననుటయే గాక, అవి పెద్దవనియు వ్రాయబడెను. సంఖ్యతో పాటు పరిమాణమును గూడ తెలిపిన యా వ్రాత మన రేవులలోని చిట్టాల కాదర్శము కాదగును.

తూర్పుతీరమున ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు మరపడవల వేట నిషేధము. అది ముగిసి పడవలు తిరిగి వచ్చినపుడు, కొలబద్దతో రేవునకు పోయి, బేరగాండ్రు పెద్దవానిని వేరుచేయకమునుపే, ఒక బుట్టలోని కానాగంతలను వరుసగా నూరింటిని కొలువుడు. ముక్కు కొననుండి తోక కొనవరకు ప్రతిదానిని ఒక్కతీరునే కొలిచి, తేది, రేవు, వలకన్ను వెడల్పు ప్రక్కనే వ్రాసి, మరుసటి నెలలో మరల పొండు.