మదనపల్లె గీతము – కులభేదము

1919వ సంవత్సరమున రవీంద్రనాథ ఠాకూరుగారు మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలయందు బసచేసి, తమ జనగణమన గీతమును ఆంగ్లమున ననువదించిరి. అచ్చటనే మార్గరెట్ కజిన్సుగారు దానికి స్వరలిపి కూర్చిరి. అంతకుముందే, 1912లో, బ్రహ్మసమాజపు తత్త్వబోధినీ పత్రిక దానిని ప్రకటించెను. అందు సీమలును నదులును మతములును పేర్కొనబడినవి గాని, యొక్క కులమైనను పేర్కొనబడలేదు. పరమేశ్వరుఁ డొక్కఁడే తండ్రి యని నమ్మినవారికి జన్మముచే హెచ్చుతగ్గు లెట్లు కలుగును? 1950లో రాజ్యాంగము అస్పృశ్యతను రద్దుచేసెను. అయినను, పెండ్లిమాటలు సాగునప్పుడు మొదట విచారింపబడునది నేఁటికిని కులమే. బావిని, బడిని, గుడిని చట్టము తెరపింపఁగలదు. ఇంటితలుపు తెరవవలసినవాఁడు గృహస్థుఁడే. సోదరులారా! సభలో ఆ గీతమునకు లేచి నిలుచు మనము, పంక్తిభోజనమునందును వివాహమునందును దాని భావమును పాటింపవలదా?