వేగిస చేవ: వడ్రంగికి దోషము, వైద్యునికి గుణము

మధుమేహ రోగులున్న ఇండ్లలో ఈనాడు తరచుగా కనిపించు వస్తువు వేగిస చెక్కతో చేసిన గ్లాసు. రాత్రి దానిలో నీరు పోసి ఉంచి, తెల్లవారిన పిమ్మట పరగడుపున ఆ నీటిని త్రాగుదురు. "దీనితో షుగరు పూర్తిగా పోవునా?" అని నన్ను అడుగువారు ఎందరో ఉన్నారు. అవును, కాదు అని ఒక్క మాటలో బదులు చెప్పుట కంటె, ఆ చెక్క ఎట్టిదో, దాని నుండి నీటిలోనికి ఏమి దిగుచున్నదో వివరించుట మేలని తోచి ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

ఇందుకు మరియొక కారణము కూడ కలదు. కొంతకాలము క్రిందట యాభై ఎనిమిదేండ్ల గృహస్థు ఒకరు కాలి వ్రేలిపై మానని పుండుతో నా వద్దకు వచ్చినారు. పది సంవత్సరములుగా చక్కెర వ్యాధికి మాత్రలు వాడుచున్నవారు. ఒక ప్రదర్శనలో ఈ గ్లాసు కొని, రెండు నెలల క్రిందట మాత్రలు మానివేసినారట. "నీళ్లు పచ్చగా రంగు తిరుగుతున్నాయి కదండీ, మందు పనిచేస్తోందనే అనుకున్నాను" అన్నారు. ఆనాడు పరగడుపున వారి రక్తములో చక్కెర 286 మిల్లీగ్రాములు. నీటికి రంగు వచ్చుట వేరు, రోగము అదుపులో ఉండుట వేరు. ఈ భేదమును తెలిసికొనుటయే నేటి పాఠము.

చెట్టు, పేర్లు

తెలుగులో దీనిని వేగిస, వేగి, ఏగిస, పెద్దేగి అని ప్రాంతమును బట్టి పిలుతురు. సంస్కృతమున అసన, బీజక, పీతసార అనునవి దీని పేర్లు. పీతసారమనగా పసుపు వన్నె చేవ గలది అని అర్థము. హిందీలో విజయసార్, కన్నడములో హొన్నె, తమిళములో వేంగై అందురు. శాస్త్రీయ నామము ప్టెరోకార్పస్ మార్సూపియం. ఈ పేరు పెట్టినది విలియం రాక్స్‌బర్గ్. 18వ శతాబ్ది చివరి భాగములో మన సామర్లకోటలో ఉండి కోరమాండల్ తీరపు మొక్కలను పరిశీలించిన వృక్షశాస్త్రవేత్త ఆయనయే.

నల్లమల, శేషాచలము మొదలుకొని తూర్పు కనుమలలో ఈ చెట్టు పెరుగును. ఆకులు రాల్చు జాతి. అనుకూలమైన నేలలో 30 మీటర్ల వరకు ఎదుగును. పూవులు పసుపు పచ్చన. కాయ చుట్టును పలుచని రెక్క ఉండి, గుండ్రని బిళ్ళ వలె కనిపించును. బెరడుపై గాటు పెట్టినచో రక్తము వంటి ఎర్రని ద్రవము కారి, ఆరిన పిమ్మట పెళుసైన బంకగా మారును. "కైనో" అను పేరుతో ఈ బంకను పాశ్చాత్య వైద్యులు సైతము అతిసారమునకు స్తంభకముగా వాడియున్నారు.

కలపగా వేగిస

చెట్టు మానులో బెరడు క్రింద ఉండు తెల్లని మెత్తని పొరకు బలము తక్కువ. పురుగు దానినే ముందుగా పట్టును. లోపలి గట్టి భాగమైన చేవయే వడ్రంగికి, వైద్యునికి కూడ పనికివచ్చునది. వేగిస చేవ బంగారు పసుపు వన్నె నుండి ఎరుపు కలిసిన గోధుమ వన్నె వరకు ఉండి, నడుమ నల్లని చారలు కలిగియుండును. టేకు ఘనమీటరుకు సుమారు 650 కిలోలు తూగగా, ఆరిన వేగిస సుమారు 800 కిలోలు తూగును. పీచు అడ్డదిడ్డముగా అల్లుకొని ఉండుటచే చిత్రిక పట్టుట కష్టము. ఉలి పదును త్వరగా పోవును. కాని ఓర్పుతో పనిచేసినచో చక్కని మెరుగు వచ్చును. చెదను బాగుగా తట్టుకొనును. పచ్చి కలపను ఎండలో పడవేసినచో చివరలు బీటలు వారును గనుక నీడలో, గాలి ఆడు చోట నెమ్మదిగా ఆరబెట్టవలెను.

ద్వారబంధములు, దూలములు, స్తంభములు, ఎడ్లబండ్లు, నాగళ్ళు, పడవలు, పనిముట్ల పిడులు మొదలైన వాటికి దీనిని వెనుకటి నుండియు వాడుచున్నారు. అయినను వడ్రంగులు దీనిని గూర్చి ఒక ఫిర్యాదు చేయుదురు. మా ఇంటి పని జరుగుచుండగా ఒక వృద్ధ వడ్రంగి నాతో ఇట్లనెను: "బాబుగారూ, ఈ కర్రకు గట్టితనంలో వంక పెట్టలేమండీ. కానీ తడి తగిలిందంటే పసుపు కక్కుతుంది. సున్నం వేసిన గోడ పక్కన పెడితే ఆ మరక ఇక వదలదు."

ఆ మాట నాకు గొప్ప పాఠమైనది. వడ్రంగి దోషముగా ఎంచిన ఆ గుణమే గ్లాసు తయారుచేయువానికి ఆధారము. చేవలోని కషాయ ద్రవ్యములు, రంగు పదార్థములు చల్లని నీటిలోనే కరగి బయటికి వచ్చును. టేకు గ్లాసులో నీరు పోసి ఉంచినను ఈ విధముగా జరుగదు.

శాస్త్రములు చెప్పినది

వాగ్భటుడు అష్టాంగహృదయము సూత్రస్థానము 15వ అధ్యాయములో ఒక ఔషధ గణమునకు అసనాది గణమని పేరిడి, దానిలో దీనిని మొదట చేర్చినాడు. ఆ గణము శ్విత్రము, కుష్ఠము, కృమి, పాండువు, ప్రమేహము, మేదోదోషము అను వాటికి హితమని చెప్పినాడు. రుచిలో వగరు, చేదు. కఫ పిత్తములను శమింపజేయును. ఇచట ఒక విషయము గమనింపవలెను. గణమనగా అనేక ద్రవ్యముల కూటమి. పథ్యము, వ్యాయామము, రోగి బలాబలముల విచారణతో కూడిన చికిత్సలో అది ఒక భాగము మాత్రమే. చెక్క ఒక్కటియే సర్వమును చక్కజేయునని ఆచార్యులు చెప్పలేదు.

నేటి పరిశోధన చెప్పినది

1980వ దశకము ఆరంభములో ఈ చెట్టు బెరడులోని ఎపికటెకిన్ అను పదార్థము ఎలుకలలో ఇన్సులిన్ పుట్టించు కణములను తిరిగి పెంపొందించునని ఒక వాదము బయలుదేరినది. తరువాత ఇతర ప్రయోగశాలలలో ఆ ఫలితము నిలువలేదు. పైగా ఆ ప్రయోగములు బెరడు పదార్థముపై జరిగినవి. గ్లాసు చేయునది చేవతో. చేవలో టీరోస్టిల్బీన్ మొదలైన వేరే పదార్థములు ఉన్నవి. వీటికి ఎలుకలలో రక్తములోని చక్కెరను తగ్గించు శక్తి కనిపించినది.

మనుష్యుల విషయములో భారత వైద్య పరిశోధన మండలి జరిపిన పరిశీలన 1998లో వెలువడినది. కొత్తగా మధుమేహము బయటపడినవారికి విజయసారపు సారమును రోజుకు 2 నుండి 4 గ్రాముల వరకు తూచి, 12 వారములు ఇచ్చినారు. 97 మందిలో 67 మందికి చక్కెర అదుపులోనికి వచ్చినది. నలుగురిలో చక్కెర మితిమీరి పెరుగుటచే వారిని ఆ పరిశీలన నుండి తప్పించి వేసినారు. మూడు నెలల సగటును తెలుపు హెచ్‌బిఎ1సి పరీక్షలో విలువ 9.8 నుండి 9.4 వరకు మాత్రమే దిగినది.

ఈ అంకెలను శ్రద్ధగా చదువవలెను. మందులో గుణమున్న మాట నిజము. కాని ఆ రోగులు కొత్తవారు, వైద్యుల కనుసన్నలలో ఉన్నవారు. వారు పుచ్చుకొన్నది తూచిన సారము, గ్లాసులో నానిన నీరు కాదు. పోల్చి చూచుటకు మందు ఇవ్వని వేరొక జట్టు కూడ ఆ పరిశీలనలో లేదు.

గ్లాసుకు మోతాదు లేదు

ఔషధమునకు ప్రాణము మోతాదు. కొత్త గ్లాసులో నీరు చిక్కని రంగుకు వచ్చును. వారములు గడచిన కొలది పై పొరలోని సారము తరిగి రంగు పలుచబడును. గోడ మందము, చేవ వయస్సు, నీరు నిలిచిన గంటలు, ఎండకాలము, చలికాలము అనుచు ప్రతిదినము మార్పే. అదే గ్లాసు, అదే మనిషి అయినను సోమవారము త్రాగినంత మందు శుక్రవారము త్రాగుట లేదు. నా వద్దకు వచ్చిన ఆ గృహస్థు విషయమున జరిగిన పొరపాటు ఇదియే. తూచిన మాత్రను వదలి, తూకము లేని నీటిని నమ్మినారు.

కొనువారికి సూచనలు

1. మంచి చెక్క నీటిని గాజు పాత్రలోనికి వంచి ఎండలో చూడుడు. నీటి గుండా చూచిన పసుపు గోధుమ వన్నె, అంచున ప్రక్క నుండి చూచిన నీలి మెరుపు కనిపించును. మెక్సికో నుండి వచ్చిన వేరొక చెక్క నీటిలో ఇట్టి నీలిఛాయ ఉన్నదని స్పెయిన్ వైద్యుడు మొనార్డెస్ 1565లోనే వ్రాసినాడు. కావున నీలి మెరుపు ఒక ఆనవాలు మాత్రమే, తిరుగులేని రుజువు కాదు. అది బొత్తిగా లేక, క్షణములలో చిక్కని ఎరుపు దిగినచో రంగు పూసిన చెక్కయని అనుమానింపుడు.

2. ఎర్రచందనము దీనికి దగ్గరి చుట్టమే గాని వేరు జాతి. దాని ఎర్రని రంగు చల్లని నీటిలో కరగదు, సారాయములో కరగును. ఒకదానికి బదులు మరియొకటి కొనరాదు.

3. హిందీ ప్రాంతములలో "అసన్" అని అడిగినచో నల్లమద్ది చెక్క ఇచ్చుట కలదు. విజయసార్ అని స్పష్టముగా అడుగవలెను.

4. లోపల వార్నిష్, పాలిష్ పూసిన గ్లాసు పనికిరాదు.

5. సబ్బు వాడక, మంచినీటితో కడిగి, నీడలో బోర్లించి ఆరబెట్టవలెను. బూజు పట్టినను, వాసన వచ్చినను, రంగు దిగుట మానినను ఆ గ్లాసును వదలివేయవలెను. పాలు, మజ్జిగ దానిలో పోయరాదు.

తప్పక పాటించవలసినవి

వైద్యుని అనుమతి లేక మాత్రలు గాని, ఇన్సులిన్ గాని మానరాదు, తగ్గింపరాదు. మాత్రలతో పాటు ఈ నీరు త్రాగువారికి చక్కెర మరీ పడిపోవు అవకాశము కలదు. చెమట, వణుకు, కండ్లు తిరుగుట కనిపించినచో వెంటనే చక్కెర గాని, బెల్లము గాని తిని, వైద్యునికి తెలుపవలెను. గర్భిణులు, పాలిచ్చు తల్లులు, పిల్లలు, మూత్రపిండ రోగులు దీని జోలికి పోరాదు. ఎవరు త్రాగినను రక్త పరీక్షయే సాక్ష్యము, నీటి రంగు కాదు.

మరియొక మాట. అడవిలో ఈ చెట్లు తరిగిపోవుచున్నవి. చేవ పట్టుటకు దశాబ్దములు పట్టును. నెలకొక గ్లాసు కొని పారవేయుట ఇంటికిని, అడవికిని మేలు కాదు.

ఇక ఆ గృహస్థు సంగతి. వెంటనే మధుమేహ వైద్యుని వద్దకు పంపినాను. మాత్రలు తిరిగి మొదలైనవి. వ్రేలు తీసివేయవలసి వచ్చునేమో యని భయపడినాము గాని, మూడు నెలలకు పుండు మానినది. వారి బల్లపై ఆ గ్లాసు ఇప్పటికిని ఉన్నది. దాని ప్రక్కన మాత్రల డబ్బా, పరీక్షల ఫలితములు వ్రాసికొను చిన్న పుస్తకము ఉన్నవి. ఈసారి వచ్చినప్పుడు ఆ పుస్తకమునే ముందుగా నా చేతికి ఇచ్చినారు.