ఉమ్మడి తోపు

'ఉమ్మడి గొఱ్ఱె పుచ్చి చచ్చు'నని మనవారి సామెత. అందరిదియు అయిన వస్తువు ఎవరికిని పట్టకుండ పోవుట లోకమున తఱచుగా జరుగుచున్నది. మన పెరటిలోని జామచెట్టునకు నీరు పోయుట మఱువము. పదియిండ్లవారికి చెందిన కానుగచెట్టు ఎండిపోవుచున్నను చూచి చూడనట్లు సాగిపోవుదుము. ఇట్టి ఉమ్మడి చెట్లను కాపాడుకొను విధమును విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును తెలుపుటయే ఈ పాఠము ఉద్దేశము.

మనము నివసించు కర్ణాటకమున అనేక గ్రామములలో 'గుండుతోపు' అను ఉమ్మడి భూమి కలదు. రెవెన్యూ లెక్కలలో సైతము ఆ పేరే కానవచ్చును. మామిడి, నేరేడు, చింత, పనస, కానుగ మొదలైన చెట్లతో అది బాటసారులకు నీడయు, పశువులకు విశ్రాంతి స్థానమును, జాతరలకు చోటును అయి యుండెడిది. 'తోపు' అను మాట తెలుగువారిదియు, కన్నడిగులదియు, తమిళులదియు కూడ. మన వేప వారికి బేవు. మన చింత హుణసె. మన కానుగ హొంగె. మన నేరేడు నేరళె. మన రావి అరళి. బాలబాలికలారా! ఈ పేర్లను రెండు భాషలలోను నేర్చుకొనుడు. చెట్టును గూర్చి అవ్వ చెప్పు మాట గ్రహించుటకు మన భాష వలయును. అదే చెట్టును నిలుపుటకై పొరుగువారితో కూర్చుండి మాటలాడుటకు వారి భాష వలయును.

కాలక్రమమున పెక్కు తోపులు కట్టడముల పాలయినవి. గ్రామముల ఉమ్మడి భూములను ఆక్రమించినవారిని తొలగించుటకు పథకములు సిద్ధపఱుపవలసినదని సుప్రీంకోర్టు 2011 లో అన్ని రాష్ట్రములను ఆదేశించెను. అయినను, ఆక్రమణ లేకుండనే చచ్చు చెట్లు కూడ కలవు. వాటిని చంపునది మన అజ్ఞానము.

వేళ్ళకు గాలి వలయును

మేము కొంతకాలము కాపురమున్న ఒక కాలనీలో పండ్రెండు కానుగచెట్లుండెను. వానకాలమున బురద యగుచున్నదని నివాసుల సంఘమువారు చెట్ల మొదళ్ళవఱకు సిమెంటు పఱపించిరి. మా వంతు చందా మేమును ఇచ్చితిమి. నేల శుభ్రమైనదని సంతసించితిమి. మూడవ వేసవికి ఐదు చెట్లు ఎండినవి. తెగులని అందఱు ననిరి. అది తెగులు కాదు. నీటిని పీల్చు సన్నని వేళ్ళలో అధిక భాగము నేల పైపొరలోనే, రెండు మూడడుగుల లోతులోపల నుండును. కొమ్మల నీడను దాటి కూడ వ్యాపించును. వాటికి నీరెంత అవసరమో గాలియు నంతే అవసరము. సిమెంటు రెంటిని అడ్డగించెను. సంగతి తెలిసిన పిమ్మట, మిగిలిన ఏడు చెట్ల చుట్టును నాలుగేసి అడుగుల మేర సిమెంటు పగులగొట్టించితిమి. రెండు తేరుకొనలేదు, ఐదు చిగిర్చినవి. పాఠములు చెప్పు మేమే ఆ పాఠమును ఆలస్యముగా నేర్చుకొంటిమి.

రాలిన ఆకు చెత్త కాదు

'ఆకులు రాలుచున్నవి, చెట్టు కొట్టివేయుడు' అనువారు ప్రతి వీధిలోను ఉందురు. ఆకులను కుప్పవేసి కాల్చుట మఱియొక తప్పు. ఆ పొగ ముసలివారికిని పసివారికిని హానికరము. మంట పైవేళ్ళను, బెరడును కాల్చును. ఒక మూలను గొయ్యి త్రవ్వి, ఎండుటాకు ఒక వరుస, పచ్చిగడ్డియో పేడయో ఒక వరుసగా వేసి, తడి ఆరకుండ చూచి, అప్పుడప్పుడు తిరుగవేసినచో కొన్ని నెలలకు నల్లని ఎరువగును. దానిని ఆ చెట్ల పాదులకే వేయవలెను. వయ్యారిభామ కలుపును మాత్రము పూత పట్టకమునుపే వేళ్ళతో పెఱికి వేయవలెను.

కొమ్మ నఱకుట ఒక విద్య

ఏటేట వానగాలులకు ముందుగా ఎండుకొమ్మలను పరీక్షింపవలెను. బరువైన కొమ్మను పైనుండి ఒక్క వేటున నఱికినచో అది విఱిగి, బెరడును మ్రానువఱకు చీల్చును. మొదట మ్రానుకు అడుగు దూరమున క్రిందినుండి కొంత కోయవలెను. పిదప దానికి కొంచెము వెలుపల పైనుండి కోసి కొమ్మను దింపవలెను. చివరకు మిగిలిన మోడును, కొమ్మ మ్రానుతో కలియు ఉబ్బు చెడకుండ, దానికి వెలుపలనే కోయవలెను. ఆ ఉబ్బునుండియే గాయము మానును. తల నఱకుట, మేకులు కొట్టుట, తీగలు బిగించుట తగదు.

కూలు భయమున్న చెట్టును తొలగింపవలసి వచ్చును. అది దోషము కాదు. అయితే 1976 నాటి కర్ణాటక వృక్ష సంరక్షణ శాసనము వర్తించు చోట్ల వృక్షాధికారి అనుమతి పొందవలెను. తీసిన చెట్టునకు బదులు నాటుట మఱువరాదు.

ఏ చెట్టు ఎచ్చట?

మఱ్ఱి, రావి గోడలకు దూరముగా నుండవలెను. పెద్ద చెట్ల నడుమ ఇరువది అడుగులకు తక్కువ కాని ఎడముండుట మేలు. రెండడుగుల గోతిలో తొలకరి వానలకు నాటవలెను. 1908 లో మైసూరు సంస్థానమునకు వచ్చిన జర్మనీ దేశస్థుడు క్రుంబీగెల్, ఒక జాతి పూత ముగియునప్పటికి వేఱొక జాతి పూచునట్లు బెంగుళూరు వీధులకు చెట్లను ఏర్పఱచెను. నాటుటకు ముందు ఆలోచన వలెనని దీనివలన తెలియుచున్నది. నాటిన పిమ్మట వలసినది ఓర్పు. హులికల్ గ్రామమున తిమ్మక్కయు, ఆమె భర్తయు బాట వెంబడి మఱ్ఱిమొక్కలు నాటి, నీరు మోసి పెంచిరి. 'సాలుమర' యనగా కన్నడమున చెట్ల వరుస. అదియే ఆమె పేరునకు ముందు బిరుదై నిలిచినది. 2019 లో ఆమెకు పద్మశ్రీ లభించెను.

కట్టుబాటు

ఉమ్మడి వనరులను వాడుకొనువారే నియమములు చేసికొని, తామే కనిపెట్టి యుండినచో అవి చిరకాలము నిలుచునని నిరూపించిన ఎలినార్ ఆస్ట్రమ్ 2009 లో ఆర్థికశాస్త్రమున నోబెల్ బహుమతి పొందెను. కావున తోపునకు ఒక పుస్తకము పెట్టుడు. ఏ చెట్టు ఎవరి పాలిది, నీరెవరి వంతు, పండ్ల పంపకమెట్లు అను విషయములను అందఱి యెదుట వ్రాయుడు. తప్పిన వానికి మొదట మంచిమాట, పిదప జరిమానా. ఈ విధముగా నడచినచో మన సామెత అబద్ధమగును, అబద్ధమైనను విచారింపనక్కఱలేదు.

చేయవలసిన పని

1. మీ వీధిలోని ఉమ్మడి చెట్లను లెక్కించి, వాటి పేర్లను తెలుగునను కన్నడమునను వ్రాయుడు.
2. మొదలు సిమెంటుతో మూయబడిన చెట్లెన్ని? ఆ పట్టికను పెద్దలకు చూపుడు.
3. ఎండిన చెట్టు కనబడినచో, ఎవరు చేసిరని అడుగుటకు ముందు మన వంతు ఎంతయని ఆలోచింపుడు.