చెయ్యి పట్టి లాగినప్పుడే వినాల్సింది

నాకు డెబ్బై దాటాయి. బళ్లారిలో కాపురం, ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం. మా అబ్బాయికి నలభై ఏళ్లు, ఆటిజం ఉంది. మూడు నాలుగు మాటలకు మించి కలిపి మాట్లాడడు. వాడి దగ్గర నేను ఆలస్యంగా నేర్చుకున్నవి, చిన్నపిల్లలున్న మీకు ముందే అందాలని రాస్తున్నాను.

1. మాట రాకముందే బిడ్డ చెబుతుంటాడు.
మూడేళ్లప్పుడు వాడు నా మణికట్టు పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్లి, నా చేతిని బొరుగుల డబ్బా మీద పెట్టేవాడు. నోటితో అడిగితేనే ఇస్తానని డబ్బాను పైఅరలో దాచాను. వాడు గోడకు తల బాదుకున్నాడు. మొండితనం అనుకున్నాను. చెయ్యి పెట్టిన ఆ క్షణానే "బొరుగులు" అని పలికి గుప్పెడు పోసి ఉంటే, ఆ మాట వాడికి అక్కరకొచ్చే మాట అయ్యేది.

2. విన్నదే మళ్లీ పలికినా అందులో అర్థముంటుంది.
బొరుగులతో ఉగ్గాని చేసి, "ఉగ్గాని కావాలా?" అని మా అమ్మ అడిగేది. కొన్నాళ్లకు ఆకలేసినప్పుడల్లా వాడే వచ్చి "ఉగ్గాని కావాలా?" అనేవాడు. చిలకపలుకులని గద్దించాను. వాడికి ఆ ప్రశ్న మొత్తం ఒకే మాట. "నాకు పెట్టు" అని దాని అర్థం. అలాంటప్పుడు తప్పు దిద్దకండి. బిడ్డ అనవలసిన మాటను, "ఉగ్గాని కావాలి" అని మీరే పలికి, పెట్టండి.

3. ఇంటి భాషను బిడ్డకు దూరం చేయకండి.
1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని అటు, బళ్లారి ఇటు అయ్యాయి. మా అమ్మది ఆదోని, కన్నడం రాదు. రెండు భాషలైతే బిడ్డ తికమకపడతాడని ఎవరో అంటే నమ్మి, ఇంట్లో తెలుగు మాన్పించాను. అమ్మ మనవడి ముందు మూగదైపోయింది. రెండు భాషలు వినడం ఆటిజం ఉన్న పిల్లల మాటకు చేటు చేస్తుందనడానికి ఆధారం లేదని తర్వాతి పరిశోధనలు చెప్పాయి. అది నాకు తెలిసేసరికి అమ్మ లేదు.

4. అడిగాక ఆగండి.
ఒకే ప్రశ్న నాలుగుసార్లు అడిగి, జవాబూ నేనే చెప్పేదాన్ని. తర్వాత రెండు చొక్కాలు చెరో చేత పట్టుకుని, ఒక్కసారే అడిగి, మనసులో పది లెక్కపెట్టడం అలవాటు చేసుకున్నాను. మొదటిరోజు ఎనిమిది దగ్గర నీలం చొక్కా మీద వాడి వేలు పడింది. అప్పటికి ఏడేళ్లుగా నేనే వాడికి ఆ వ్యవధి ఇవ్వలేదు.

5. బొమ్మలు మాటను ఆపవు.
కావలసింది వేలుపెట్టి చూపడానికి బొమ్మల అట్టలిస్తే ఇక నోరు విప్పడని భయపడి వద్దన్నాను. ఒకసారి మూడు రోజులు చెయ్యి కొరుక్కుంటూ అరిచాడు. చివరికి చూస్తే పంటికి చీము పట్టింది. ఆ రాత్రే "నొప్పి" అట్ట చేశాను, పక్కనే "వద్దు" అట్ట. ఇప్పుడు ఆ పని ఫోన్లూ ట్యాబ్లెట్లూ చేస్తున్నాయి. బొమ్మలూ పరికరాలూ వాడటం వల్ల మాట ఆగిపోదనీ, కొందరికి పెరుగుతుందనీ కూడా తేలింది. వద్దనడానికీ దారి చూపండి, అదీ భాషే.

6. తప్పెవరిదని వెతకకండి, సాయం వెతకండి.
తల్లి ప్రేమ చాలకే పిల్లలు ఇలా అవుతారని ఒకప్పుడు వైద్యులే రాశారు. అది అబద్ధమని తేలింది. అయినా నేను ఏళ్లకేళ్లు నన్నే నిందించుకుంటూ, దిష్టి తీయిస్తూ కూర్చున్నాను. మైసూరులో అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ 1965 నుంచే ఉంది. మేం గడప తొక్కేసరికి వాడికి ఏడేళ్లు. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం లేదు, 2016 చట్టంలో ఉంది. ఆ చట్టం కింద ఇచ్చే వైకల్య ధ్రువపత్రం చేతికొచ్చేదాకా కూడా ఆగకండి, ఈ పూటే ఇంట్లో మొదలుపెట్టండి.

సాయంత్రం నాలుగింటికి వాడు వంటింటి గుమ్మంలో నిలబడి ఇప్పటికీ "ఉగ్గాని కావాలా?" అంటాడు. "కావాలి" అంటూ నేను లేచి బొరుగులు నీళ్లలో వేస్తాను.