పిల్లికి లంఖణం పరమౌషధం కాదు



తిన్న తర్వాత పిల్లి అప్పుడప్పుడు కక్కుతున్నదని తెలిసినప్పుడు చుట్టుపక్కల వారి నుంచి సాధారణంగా రెండు మాటలు వినవస్తాయి. పిల్లులు కక్కడం మామూలేనన్నది ఒకటి, రెండు రోజులు తిండి మాన్పిస్తే అదే సర్దుకుంటుందన్నది మరొకటి. మొదటి మాట నమ్మితే లోపలి జబ్బు ఆలస్యంగా బయటపడుతుంది, రెండోది నమ్మితే ప్రాణానికే ముప్పు రావచ్చు కనుక ముందుగా రెండోదాని సంగతే తెలుసుకోవాలి.

లంఖణం పరమౌషధమన్న నానుడి పుట్టింది మనిషిని చూసి. పిల్లికి ఆహారం అందనప్పుడు ఒంట్లోని కొవ్వు కరిగి పెద్ద మొత్తంలో కాలేయానికి చేరుతుంది. దాన్నంతా ఖర్చుచేసే శక్తి పిల్లి కాలేయానికి తక్కువ కనుక అది అక్కడి కణాల్లోనే పేరుకుపోయి, చివరకు కాలేయం పని మానేసే స్థితి వస్తుంది. పశువైద్యులు దీన్ని హెపాటిక్ లిపిడోసిస్ అంటారు. బొద్దుగా ఉన్న పిల్లులకు రెండు మూడు రోజుల పస్తుకే ఇది రావచ్చు. అందుచేత ఎదిగిన పిల్లి 24 గంటలపాటు ఏమీ ముట్టకపోతే వైద్యుడికి చూపించాలి, కూనల విషయంలో అంతసేపు కూడా ఆగకూడదు.

ఆ తర్వాత గమనించవలసింది, బయటికి వచ్చింది వాంతా, లేక మింగినది వెనక్కి రావడమా అన్నది. వాంతికి ముందు పిల్లి పెదవులు నాక్కుంటుంది, చొల్లు కారుస్తుంది, నేలకు ఒదిగి కూర్చుని డొక్కలు ఎగరేస్తూ రెండు మూడుసార్లు డోకుతుంది, అప్పుడు సగం అరిగిన ఆహారమో పసుపుపచ్చని పైత్యరసమో పడుతుంది. మింగినది వెనక్కి రావడంలో ఈ అవస్థ ఏదీ ఉండదు. తిన్న కొద్దిసేపటికే తల వంచి, పొడి ఆహారపు గుళికలను గుళికలుగానే, జిగురు పట్టి, అన్నవాహిక ఆకారంలో గొట్టంలా పడేస్తుంది, ఒక్కోసారి దాన్నే మళ్లీ తినబోతుంది కూడా. ఆబగా తినే పిల్లుల్లో ఇది తరచుగా కనిపిస్తుంది గానీ, మళ్లీ మళ్లీ జరుగుతూ ఉంటే అన్నవాహికలోనే లోపం ఉందేమో పరీక్ష చేయించాలి.

ఆబకు మందు తిండి తగ్గించడం కాదు, తినే తీరు మార్చడం. సుమారు 4 కిలోల పిల్లికి రోజుకు 200 నుంచి 250 కిలో కేలరీలు కావాలి, ఒక చిట్టెలుకలో ఉండేవి దాదాపు 30; అంటే వేటాడి బతికే పిల్లి రోజంతా ఏడెనిమిది చిన్న భోజనాలు చేస్తుందన్నమాట. ఇంటి పిల్లి కడుపూ అటువంటిదే కనుక, రోజుకు పెట్టేదాన్నే నాలుగైదు వాయిదాలుగా పెట్టడం, లోతు గిన్నెకు బదులు వెడల్పాటి పళ్లెంలో పలచగా పరచడం, ఆ పళ్లెం మధ్య మింగడానికి వీలుకానంత పెద్ద నున్నటి రాయి కడిగి ఉంచడం మేలు చేస్తాయి. ఇంట్లో రెండు పిల్లులుంటే ఒకదానికొకటి కనబడనిచోట తిండి పెట్టాలి, ఎందుకంటే పోటీ భయమే సగం ఆబకు కారణం. ఫ్రిజ్‌లోంచి తీసినదాన్ని చల్లగా కాకుండా గోరువెచ్చగా పెట్టడం మంచిది.

ఇక ఏం పెట్టాలన్నది. తెలుగు ఇళ్లలో పిల్లికి పాలన్నం పెట్టడం ప్రేమతో చేసే పనే, అందులో సందేహం లేదు. అయినా ఎదిగిన చాలా పిల్లులకు పాలలోని చక్కెరను, అంటే లాక్టోజును, అరిగించే శక్తి తగ్గిపోతుంది. ఉల్లి, వెల్లుల్లి పడిన కూరలు పిల్లి ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి కనుక చేపల పులుసులోని ముక్కను కడిగి పెట్టడం కూడా మానాలి. కొత్త రకం క్యాట్ ఫుడ్‌కు మారేటప్పుడు పాతదానిలో కొద్దికొద్దిగా కలుపుతూ వారం నుంచి పది రోజుల్లో మార్చాలి. ఒళ్లు నాక్కునేటప్పుడు మింగిన వెంట్రుకలు ఉండకట్టి బయటికి రావడమూ ఉంది, రోజూ దువ్వితే అది చాలావరకు తగ్గుతుంది.

నెలకు రెండు మూడుసార్లకు మించి కక్కితే దాన్ని మామూలు అనుకోకూడదు. పదేళ్లు దాటిన పిల్లి ఎంత తిన్నా చిక్కిపోతూ కక్కుతుంటే థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేస్తూ ఉండవచ్చు, నీళ్లు ఎక్కువగా తాగుతుంటే మూత్రపిండాల జబ్బు ఉండవచ్చు, ఈ రెండూ రక్తపరీక్షలో తెలుస్తాయి. ఒకే రోజు పదేపదే కక్కినా, రక్తం కనబడినా, మగపిల్లి మూత్రం రాక ముక్కుతూ కక్కుతున్నా ఆ పూటే ఆసుపత్రికి చేర్చాలి. పూలమాల దారం మింగిందని అనుమానముంటే, నోట్లోనో వెనుకవైపో దాని కొస కనబడినా లాగకూడదు, పేగు కోసుకుపోతుంది. మనుషుల మాత్రలు ఏవీ వేయరాదు. ఒక్క పారాసిటమాల్ మాత్ర పిల్లిని చంపగలదు.

వైద్యుడి దగ్గరికి వెళ్లేటప్పుడు ఏ తేదీన, తిన్న ఎన్ని నిమిషాలకు, ఏ రంగులో కక్కిందో రాసిన కాగితం, వీలైతే ఫోన్‌లో తీసిన వీడియో, తినే ఆహారం పొట్లం వెంట తీసుకుపోవాలి. బరువు తూచేందుకు, ముందు తాను త్రాసు ఎక్కి, తర్వాత పిల్లిని ఎత్తుకుని ఎక్కి, తేడాను నెలకొకసారి అదే కాగితం మీద రాసుకోవచ్చు.