పేరు మారినను అక్షరరూపము చెడకుండుటకు

ప్రశ్న: మా యానాం కార్యాలయపు పాత ప్రోగ్రాములో ‘పాండిచ్చేరి’ అను ఆంగ్లపదము ఒకచోట అన్నియు పెద్దక్షరములుగను, ఒకచోట మొదటిది మాత్రమే పెద్దదిగను, మఱియొకచోట అన్నియు చిన్నవిగను ఉన్నది. ఆ రూపములు చెడక ‘పుదుచ్చేరి’గా మార్చుట యెట్లు?

జవాబు: పెద్ద, చిన్న అక్షరముల భేదమే యెఱుగని తెనుఁగు లిపిలో పెరిగిన మనకు ఈ చిక్కు వింతగాఁ దోఁచుట సహజము. పైథాన్ భాషయందు ‘రీ.సబ్’ అను సాధనమునకు ప్రత్యామ్నాయపదమునకు మారుగా ఒక ఫంక్షన్ నొసఁగవచ్చును. కావున అక్షరభేదము పాటింపక వెదకుఁడని ‘ఇగ్నోర్‌కేస్’ సూచన నిచ్చి, దొరకిన ప్రతి పదమును ఆ ఫంక్షన్ పరీక్షించి, అది అంతయు పెద్దక్షరములైనచో క్రొత్తపదమును పెద్దక్షరములలోను, మొదటిది మాత్రమే పెద్దదైనచో ఆ రీతిగను, తక్కినచోట్ల చిన్నక్షరములలోను మరల్చి యిచ్చునట్లు వ్రాయుఁడు. అక్షరమునకు అక్షరము పోల్చు పద్ధతిని నేను మెచ్చను. ఆంగ్లమున పాతపేరునకు 11 అక్షరములు, క్రొత్తదానికి 10 మాత్రమే గదా!

ఒక్క మనవి: 2006 అక్టోబరు 1న పేరు మారుటకు పూర్వమే వెలువడిన ధ్రువపత్రముల పాఠమును దయచేసి ముట్టకుఁడు, అందు ఆనాఁటి పేరే ప్రమాణము. ప్రోగ్రాము వ్రాయ నొల్లనివారికి వి.ఎస్. కోడ్‌లో ‘ప్రిజర్వ్ కేస్’ అను మీట గలదు; ఈమాక్స్‌లోనైతే రెండు పదములను చిన్నక్షరములలో నిచ్చిన నిది తనంతటనే జరుగును.