హార్బర్‌లో నీ చదువుకు పనుంది

ఫిషింగ్ హార్బర్,
విశాఖపట్నం

స్వాతీ,

నీ ఉత్తరం అందింది. ఆంధ్రా యూనివర్సిటీలో విమెన్స్ స్టడీస్ ఎమ్మే పూర్తయింది, ఇంట్లో బీఈడీ చెయ్యమంటున్నారు, కాదంటే బ్యాంకు కోచింగ్‌కి పంపుతామంటున్నారు, నీకు మాత్రం ఈ చదువుతోనే బతకాలని ఉంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. నీ డిగ్రీ పేరు పట్టుకుని ఉద్యోగం వెతికితే దొరికేది చాలా తక్కువ. ఆ డిగ్రీ నీకు నేర్పిన పని ఎవరికి అవసరమో వెతికితే దొరికేది చాలా ఎక్కువ. ఆడవాళ్లు పడే శ్రమ, వాళ్లకు జరిగే నష్టం, వాళ్లకు రావలసిన హక్కు చాలాసార్లు ఎవరి లెక్కలోకీ రావు. వాటిని లెక్కలోకి తీసుకురావడమే నువ్వు నేర్చుకున్న పని. దానికి ఉదాహరణ కోసం ఢిల్లీ దాకా పోనక్కర్లేదు.

తెల్లవారుజామున జెట్టీ మీద చూడు. బోటులోంచి దింపిన సరుకు కుప్పలు పోస్తారు, వేలం పాట మొదలవుతుంది. కానాగంతల కుప్పో, రొయ్యల గంపో పాట పాడి కొనేవాళ్లలో ఆడవాళ్లు ఎంతమందో గమనించు. చేతిలో ఉన్నది చాలాసార్లు వడ్డీకి తెచ్చిన డబ్బు. ఐసు కొనాలి, ఆటోవాడితో బేరమాడాలి, ఎండ ముదరకముందే పూర్ణా మార్కెట్‌కో వీధుల్లోకో చేరాలి, మిగిలింది ఉప్పు పట్టించి ఎండబెట్టాలి. ఇక కాగితాల వైపు చూడు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. ఆ రోజులకు మన రాష్ట్రంలో ఇచ్చే భృతిని 2025లో 10 వేల నుంచి 20 వేల రూపాయలకు పెంచారు. మంచి పనే. అయితే అది బోటెక్కి వేటకు వెళ్లే మత్స్యకారుడికి ఇచ్చేది. బోటు ఆగితే పాట ఆగుతుంది, పాట ఆగితే గంప ఖాళీ. ఆ గంప మోసే మనిషికి మాత్రం తన పని పేరు మీద ఏమీ రాదు. 2023 నవంబరు 19 రాత్రి ఇక్కడ మంటలు లేచి బోట్లు కాలిపోయినప్పుడు ప్రభుత్వం బోటు విలువలో 80 శాతం సాయం ప్రకటించింది. బోటుకు రిజిస్ట్రేషన్ ఉంది కాబట్టి విలువ కట్టగలిగారు. ఆ బోటు సరుకు కొనుక్కుని అమ్ముకునే మనిషి ఎన్ని రోజుల బేరం పోగొట్టుకుందో చెప్పే కాగితం ఏదీ లేదు. ఇది ఎవరో పనిగట్టుకుని చేసిన అన్యాయమని నేననను. కొలిచే పద్ధతే అలా ఉంది. పద్ధతి మారాలంటే ఇంకోలా కొలిచి చూపించేవాళ్లు కావాలి.

అలా కొలిచి చూపించిన చోటల్లా ఏదో ఒకటి కదిలింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలను స్త్రీశక్తి సంఘటన అనే స్త్రీవాద బృందం వాళ్లు రికార్డు చేసి 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’గా తెచ్చాక, ఆ పోరాటాన్ని మగవాళ్ల కథగా మాత్రమే చెప్పడం కుదరలేదు. ఇంటిచాకిరీ సంగతీ అంతే. దేశమంతటా సమయ వినియోగ సర్వే చేయబట్టే, 2024లో ఆరేళ్లు, ఆపైబడిన వాళ్లలో ఈ పనులు చేసే స్త్రీలు రోజుకు 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు జీతం లేని ఇంటిపనిలో గడుపుతున్నారని ప్రభుత్వమే అంకె వేసి చెప్పింది. ప్రశ్నావళిలో ఏ ప్రశ్న ఉండాలో, దాన్ని ఎవరి ఎదుట అడగకూడదో తెలిసినవాళ్లు లేకపోతే అలాంటి అంకె పుట్టదు.

ఇక జీతమిచ్చే చోట్ల సంగతికి వస్తాను. నాకు ముందుగా కనిపించేది 2013 నాటి చట్టం, పనిచోట లైంగిక వేధింపుల నివారణ చట్టం. పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతి సంస్థలో అంతర్గత కమిటీ ఉండాలి, అందులో బయటి సభ్యులు ఒకరుండాలి, లేకపోతే 50 వేల రూపాయల దాకా జరిమానా. పోర్టు, స్టీల్ ప్లాంటు, రిఫైనరీ, ఫార్మా కంపెనీలు, ఆసుపత్రులు, కాలేజీలు ఉన్న ఊరిలో ఆ కమిటీలకు శిక్షణ ఇచ్చేవాళ్లు ఎంతమంది కావాలో ఊహించు. చిన్న చోట్లకు, అసంఘటిత రంగానికి జిల్లా స్థాయిలో లోకల్ కమిటీ ఉండాలి. సొంతంగా సరుకు అమ్ముకునేవాళ్లు కూడా చట్టం చెప్పే అసంఘటిత రంగంలోకి వస్తారు. అంటే జెట్టీ మీద పాట పాడే మనిషికీ ఆ తలుపు తెరిచే ఉండాలి. ఈ కమిటీలు వెయ్యమని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు మళ్లీ గట్టిగా చెప్పవలసి వచ్చింది. రెండోది రొయ్యల ఎగుమతి. 2024లో అమెరికాకు చెందిన కార్పొరేట్ అకౌంటబిలిటీ ల్యాబ్ మన రొయ్యల పరిశ్రమలో కార్మికుల పరిస్థితి మీద నివేదిక వేసింది. కొనుగోలుదార్లు తనిఖీలు అడుగుతారు, ఆడిటర్లు వస్తారు. రొయ్యలు ఒలిచే అమ్మాయిని సూపర్‌వైజరు పక్కనుండగా పరాయి భాషలో అడిగితే ‘అంతా బాగుందండీ’ అనే అంటుంది. అదే ప్రశ్న తెలుగులో, విడిగా, ఆమె షిఫ్టు అయ్యాక అడగాలని నీకు తెలుసు. మూడోది పథకాల మదింపు. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో మామూలు లబ్ధిదారుకు 40 శాతం, స్త్రీలకు 60 శాతం సాయం. కాగితం మీద ఆమె పేరుంటే సరిపోదు, ఐసు పెట్టె గానీ బండి గానీ నిజంగా ఎవరి చేతిలో ఉందో వెళ్లి చూడాలి. మత్స్య పరిశోధన సంస్థలు సీఎంఎఫ్‌ఆర్‌ఐ, సీఐఎఫ్‌టీ రెండింటికీ మన ఊళ్లోనే కేంద్రాలున్నాయి. అక్కడి ప్రాజెక్టులు, మత్స్యకారుల కోసం పనిచేసే చెన్నైలోని ఐసీఎస్‌ఎఫ్ లాంటి సంస్థల పని మీద కన్నేసి ఉంచు. హింసకు గురైన స్త్రీల కోసం ఉన్న వన్ స్టాప్ సెంటర్లు, పట్టణ పేద మహిళల మెప్మా సంఘాలు, యూజీసీ నెట్‌లో నీ సబ్జెక్టు పేపరు నీకు తెలిసినవే. నెట్ రాయి, ఫెలోషిప్ వస్తే తీసుకో, అధ్యాపక పోస్టు కోసం మాత్రం ఏళ్లు కాచుక్కూర్చోకు.

ఈ చదువుకు ఉద్యోగాలు తక్కువని మీ నాన్న అనేదాంట్లో నిజముంది, కొట్టిపారెయ్యకు. చాలా ప్రభుత్వ నోటిఫికేషన్లలో అర్హతల వరుసలో సోషల్ వర్క్, సోషియాలజీ, హోమ్‌సైన్స్ కనిపిస్తాయి, మీ సబ్జెక్టు చాలాసార్లు కనిపించదు. దరఖాస్తు పెట్టే ముందు ప్రతిసారీ ఆ వరుస చదువుకో. ఏ డిగ్రీ అయినా సరేననే గ్రూప్స్ పరీక్షలు ఉన్నాయని కూడా మరిచిపోకు. స్వచ్ఛంద సంస్థల ఉద్యోగాలు ఎక్కువగా ప్రాజెక్టు ఉన్నన్నాళ్లే. ఇంటికి నీ జీతమే ఆధారమైతే ముందు స్థిరమైన ఉద్యోగం చూసుకుని ఈ పనిని పక్కన సాగించడంలో చిన్నతనమేమీ లేదు. ఇదంతా లా చదివినవాళ్లూ సోషల్ వర్క్ చదివినవాళ్లూ చెయ్యలేరా అని అడిగావు. చేస్తారు, కొందరు చాలా బాగా చేస్తారు. వాళ్ల చేతిలో ఒక పనిముట్టు ఉంది, చట్టమో కేస్‌వర్కో. నీ చేతిలో ప్రశ్న ఉంది. పనిముట్టు లేని ప్రశ్న సెమినారు దాటి బయటికి రాదు. అందుకే ఒక గట్టి నైపుణ్యం సంపాదించుకో. సర్వే చేసి గణాంకాలు తియ్యడమో, మూడేళ్ల లా డిగ్రీయో, ఏదైనా ఒకటే, కానీ పూర్తిగా. దాంతోపాటు ఒకే రంగం పట్టుకో. జెండర్ తెలిసినవాళ్లు చాలామంది ఉండవచ్చు. జెండరూ తెలిసి, వేలంలో పాట ఎలా నడుస్తుందో, బోటు రాబడిలో వాటాలు ఎలా పంచుతారో, ఐసుకూ వడ్డీకీ ఎంత పోతుందో తెలిసినవాళ్లు తక్కువ. ఆ తక్కువమందిలో ఉంటే, సబ్జెక్టు పేరు చూసి వెనక్కి పంపేవాళ్లు కూడా పని చూసి పిలుస్తారు.

మొదటి పని ఇదీ. కలెక్టరేట్‌లో సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు పెట్టు. జిల్లా లోకల్ కమిటీ సభ్యులు ఎవరు, గత మూడేళ్లలో ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, వాటిలో చేపల వ్యాపారం చేసే స్త్రీల నుంచి వచ్చినవి ఎన్ని, ఈ మూడే అడుగు. జవాబు వచ్చాక దాన్ని తీసుకుని జెట్టీ మీదికి వెళ్లు, అలాంటి కమిటీ ఒకటుందని అక్కడి ఆడవాళ్లకు తెలుసో లేదో కనుక్కో. రెండూ కలిపి తెలుగులో నాలుగు పేజీలు రాసి నాకు పంపు. ఎవరి దగ్గరికి ఉద్యోగానికి వెళ్లినా సర్టిఫికెట్లతో పాటు ఆ నాలుగు పేజీలూ పట్టుకెళ్లు.

నీ పెద్దమ్మ